అప్రెంటిస్ సీటుకి లక్షన్నర ఎందుకమ్మా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఒకటే గొడవ, రైల్వే అప్రెంటిస్. ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, మునిగుడ, ఒకటైతే బల్లార్షా నుంచి. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి తోసేసి, ఈసారి మొత్తం ఎలక్ట్రీషియన్ పిల్లల గురించే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా అబ్బాయి పదో తరగతి ఒడియా మీడియంలో 61 శాతంతో పాసయ్యాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ఈ ఏడాదే పూర్తయింది, 82 శాతం వచ్చింది. మా వీధిలోనే ఉండే ఒకాయన లక్షన్నర ఇస్తే విశాఖలో అప్రెంటిస్ సీటు ఇప్పిస్తానంటున్నాడు. ఏడాది అయ్యాక అక్కడే పర్మనెంట్ చేస్తారట. పోయినేడు మా దూరపు చుట్టాల అబ్బాయికి ఇప్పించాడు కూడా, అది నిజమే. నా పుస్తెలతాడు కుదువ పెడదామనుకుంటున్నాను. ఇవ్వమంటారా?
– ఒక తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, ముందు ఆ పుస్తెలతాడు మెళ్ళో వేసుకోండి.

రైల్వే యాక్ట్ అప్రెంటిస్, అంటే అప్రెంటిస్ చట్టం కింద ఇచ్చే శిక్షణ, దాని ఎంపికకి రాతపరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. పదో తరగతి శాతం, ఐటీఐ శాతం కలిపి సగం చేస్తారు, అంతే. మీవాడిది 61, 82 కలిపితే 143, సగం 71.5. ఆ అంకెతో మెరిట్ జాబితాలో ఎక్కడ నిలబడితే అక్కడ నిలబడతాడు. పదిలో కనీసం 50 శాతం, ఐటీఐ సర్టిఫికెట్, వయసు 15 నుంచి 24 లోపు ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫీజు వంద రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, ఆడపిల్లలకి అదీ లేదు. జాబితా వచ్చాక సర్టిఫికెట్లు చూస్తారు, మెడికల్ చేస్తారు. ఇందులో ఒక మనిషి దయతలచి సీటు ఇచ్చే చోటు ఏదో చెప్పమనండి ఆయన్ని.

మరి మీ చుట్టాల అబ్బాయికి ఎలా వచ్చిందంటారు కదా. వాడి మార్కులకి వచ్చింది. ఈ పని చేసేవాళ్ళని నేను ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, వాళ్ళ లెక్క చాలా సులువు: పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటారు, ఎవరికీ ఏమీ చేయరు, ఊరికే కూర్చుంటారు. మార్కులున్న ఇద్దరికి ఎలాగూ వస్తుంది, ఆ ఇద్దరి డబ్బు జేబులో పడుతుంది. మిగతా ఎనిమిది మందిలో గట్టిగా అడిగినవాడికి తిరిగిస్తారు, మొహమాటపడినవాడికి ఎగ్గొడతారు. వచ్చిన ఇద్దరే ఆయనకి ఊరంతా ప్రచారం చేసిపెడతారు, పాపం.

ఇక పర్మనెంట్ సంగతి. ఇక్కడే పెద్దవాళ్ళకీ పిల్లలకీ కూడా తికమక. అప్రెంటిస్ అంటే ఉద్యోగం కాదు, శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం, శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదు. ఏడాది అయ్యాక పరీక్ష పెడతారు, పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ చేతికొస్తుంది, నమస్కారం పెట్టి ఇంటికొచ్చేస్తారు. అయితే ఆ కాగితం ఉత్తది కాదు. రైల్వే సంస్థల్లోనే అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్ళకి లెవెల్–1 పోస్టుల్లో, అంటే మనం గ్రూప్–డి అనే వాటిలో, 20 శాతం విడిగా పెట్టారు. దానికి కూడా అందరితో పాటు కంప్యూటర్ పరీక్ష రాయాలి, కాకపోతే పోటీ పడే గుంపు చిన్నది. లాభం అంతవరకే. వీధిలో అందరికీ "మావాడికి రైల్వేలో వచ్చేసింది" అని చెప్పేసుకుని సంబంధాలు చూడటం మొదలుపెట్టిన ఇళ్ళు నాకు తెలుసు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

డబ్బు ఖర్చు పెట్టాలనుంటే వేరే చోట పెట్టండి. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ పిల్లలకి స్టైపెండ్ నెలకి కనీసం 7,000 రూపాయలుగా పెట్టారు. హాస్టల్ ఉండదు, ఎక్కువ చోట్ల నోటిఫికేషన్‌లోనే రాసేస్తారు. విశాఖలో నలుగురు కలిసి గది తీసుకుని వండుకున్నా అబ్బాయికి ఇంటినుంచి నెలనెలా కొంత పంపాల్సి వస్తుంది, గుణుపురం పాసింజర్‌లో వెళ్ళేవాళ్ళతో ఒక బియ్యం మూట కూడా. కుదువ పెట్టాలనుకున్నదాంట్లో పదో వంతుతో ఆ ఏడాది గట్టెక్కుతుంది.

ప్రశ్న: సార్, నాకు అప్రెంటిస్ జాబితాలో పేరు వచ్చింది. కానీ మా సీనియర్ ఒకడు, అక్కడ ఏమీ నేర్పించరు, టీలు తెప్పిస్తారు, గదులు ఊడిపిస్తారు, ఏడాది వేస్ట్ అంటున్నాడు. వెళ్ళనా, లేక ఇక్కడే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసుకోనా? ఐటీఐలో మాకు బోర్డు మీద చూపించడమే తప్ప చేత్తో చేసింది తక్కువ.
– రాయగడ

జవాబు: తమ్ముడూ, టీ తేవడం నిజమే. నేనూ తెచ్చాను. 1980ల్లో నేను ట్రైన్ లైటింగ్‌లో అప్రెంటిస్‌గా చేరినప్పుడు మొదటి నెల నా పని టీ కెటిల్, టెస్ట్ ల్యాంప్ రెండూ పట్టుకుని మిస్త్రీ వెనకాల నడవడం. ఆయన ఒడియా ఆయన, నోరు తక్కువ, ఏదైనా అడిగితే "దేఖో" అనేవాడు, అంతే. చూడమన్నాడు కదా అని చూశాను. మీ సీనియర్ టీ తెచ్చి పక్కకెళ్ళి ఫోన్ చూసుకున్నాడేమో అనిపిస్తోంది, ఏమనుకోకు.

ఎలక్ట్రికల్ అంటే రైల్వేలో ఒక పని కాదు. నిన్ను ఏ విభాగంలో వేస్తారన్నదాన్ని బట్టి ఏడాది మారిపోతుంది. స్టేషన్లు, క్వార్టర్లు, పంపులు చూసే జనరల్ పవర్ ఒకటి, ఇది మన ఊరి వైరింగ్ పనికి దగ్గర. ఎలక్ట్రిక్ లోకో షెడ్ ఒకటి. పైన కరెంటు తీగ చూసే ట్రాక్షన్ డిస్ట్రిబ్యూషన్ ఒకటి. బోగీల్లో దీపాలు, ఫ్యాన్లు, ఏసీ చూసే కోచింగ్ డిపో ఒకటి. నాకు తెలిసింది చివరిది కాబట్టి దాని గురించే చెబుతాను.

పాత రకం బోగీ కింద ఒక ఆల్టర్నేటర్ ఉంటుంది, ఇరుసు తిరిగితే బెల్టు మీద అది తిరిగి కరెంటు పుడుతుంది. మామూలు బోగీకి 4.5 కిలోవాట్లది, ఏసీ బోగీకి 25 కిలోవాట్లది. బండి ఆగితే బ్యాటరీ. మొత్తం 110 వోల్టుల డీసీ. ఇక్కడో తమాషా ఉంది, ఇంట్లో లాగా న్యూట్రల్‌ని భూమికి కలపరు, పాజిటివ్, నెగటివ్ రెండు తీగలూ బోగీ ఇనపబాడీకి తగలకుండా విడిగా ఉండాలి. ఎక్కడో ఒక తీగ తోలు ఊడి బాడీకి తగిలితే ఏమీ అవదు, దీపాలు మామూలుగానే వెలుగుతాయి. రెండోది కూడా ఇంకెక్కడో తగిలిందా, షార్టే, పొగే. అందుకే మొదటిది తగిలినప్పుడే పట్టుకోవాలి. ఎలా? ఒకే రకం బల్బులు రెండు సిరీస్‌లో కలిపి పాజిటివ్‌కీ నెగటివ్‌కీ మధ్య పెట్టు, నడిమి తీగని బోగీ బాడీకి ఆనించు. రెండూ సమానంగా వెలిగితే అంతా బాగున్నట్టు. పాజిటివ్ వైపు బల్బు మసకబారి రెండోది మెరిసిందంటే పాజిటివ్ తీగే ఎక్కడో బాడీకి తగులుతోంది. రెండు బల్బులు, ఒక ముక్క తీగ. ఇరవై వేల రూపాయల మీటరు చెప్పేదీ అదే. ఇది నాకు ఎవరూ బోర్డు మీద రాసి చెప్పలేదు, "దేఖో" అన్నప్పుడు చూసి నేర్చుకున్నదే.

ఇప్పుడొస్తున్న ఎల్‌హెచ్‌బీ బోగీల్లో కథ మారింది. పవర్ కార్ (జనరేటర్ ఉండే బోగీ) నుంచో, ఇప్పుడు చాలా బళ్ళలో నేరుగా ఇంజన్ నుంచో 750 వోల్టుల త్రీఫేజ్ బోగీ బోగీకీ వెళుతుంది, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని దించుతుంది. 110 వోల్టులు కొడితే చెయ్యి లాక్కునేవాడివి, 750 దగ్గర ఆ అవకాశం ఇవ్వదు. బోగీకీ బోగీకీ మధ్య కరెంటు కలిపే కప్లర్ విప్పే ముందు సప్లై ఆపారా లేదా అన్నది ఇంకొకడి మాట మీద నమ్మకు, నీ కళ్ళతో చూడు.

ఒక్క సంగతి నా మీద పడ్డది చెబుతాను. ఏసీ బోగీ కింద బ్యాటరీ పెట్టె తెరిచి సెల్స్ మధ్య నట్లు బిగిస్తున్నాను. ఒక్కో సెల్ రెండు వోల్టులే కదా, ఏం చేస్తుందిలే అనుకున్నాను. పానాకి టేపు చుట్టలేదు, వేలికి ఉంగరం ఉంది. పానా రెండో కొస పక్క సెల్ టెర్మినల్ మీద పడింది, ఉంగరం మధ్యలో ఇరుక్కుంది. షాక్ అసలు కొట్టలేదు. కానీ అంత పెద్ద బ్యాటరీ షార్ట్ అయితే వేల ఆంపియర్లు పారుతుంది, పానా అక్కడే అతుక్కుపోయింది, ఉంగరం క్షణంలో ఎర్రబడింది. నలభై ఏళ్ళయింది, ఉంగరం వేలి చుట్టూ తెల్ల గీత ఇప్పటికీ ఉంది. ఆ డిపోలో ఆరోజు ఎవరూ నాకు ఉంగరం తీయమని చెప్పలేదు. చెప్పాల్సింది. మిస్త్రీ మాత్రం ఆ సాయంత్రం మొదటిసారి నాకు టీ తెచ్చాడు.

ట్రాక్షన్‌లో పడితే ఇంకో లెక్క. పైన తీగలో ఉండేది 25,000 వోల్టులు. మన కొత్తవలస–కిరండూల్ లైను మీద 1980ల మొదటినుంచీ అదే పారుతోంది, అందరం దాని కిందే తిరుగుతున్నాం, అలవాటైపోయి భయం పోయింది. దాన్ని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళితే చాలు అదే మీదకి దూకుతుంది. రెండు మీటర్ల లోపలికి మనిషి గానీ చేతిలో పనిముట్టు గానీ పోకూడదన్నది నియమం. సప్లై ఆపామని రాతపూర్వకంగా పర్మిట్ ఇచ్చాకే, పని చోటుకి రెండు వైపులా డిశ్చార్జి రాడ్లు తగిలించి తీగని భూమికి కలిపాకే పైకెక్కాలి. ఆపేశాక కూడా రాడ్లెందుకంటే, పక్క లైన్లో కరెంటు పారుతుంటే ఆపిన తీగలో కూడా వోల్టేజి పుడుతుంది. ఆగిన వ్యాగన్ ఎక్కి ఫోటోలు దిగే పిల్లలు మన స్టేషన్లలో కనిపిస్తే కాస్త కేకేయి.

ఇక వెళ్ళాలా వద్దా. వెళ్ళు. కాంట్రాక్టు పనిలో నెలకి కొంచెం ఎక్కువ రావచ్చు, కానీ అక్కడ నీకొచ్చిన ఒక్క పనే రోజూ చేయిస్తారు, ఏళ్ళ తరబడి. ఒక చిన్న నోటుబుక్ పెట్టుకో. రోజూ ఒక ఫాల్ట్ రాసుకో, ఏ లక్షణం కనబడింది, ముందు ఎక్కడ చూశారు, చివరికి ఎక్కడ దొరికింది. ఫ్యాన్ ఆగిందంటే ఫ్యాన్ విప్పేవాడు ఎలక్ట్రీషియన్ కాదు. పక్క ఫ్యాన్ తిరుగుతోందా, ఆ వరస మొత్తం ఆగిందా, ఫ్యూజు ఉందా అని వెనక్కి వెళ్ళేవాడే పనిమంతుడు. రెండు వందల ఫాల్టులు రాసిన పుస్తకం చేతిలో ఉంటే నీకు ఎవరి సిఫార్సూ అక్కర్లేదు.

గదులు ఊడవడం మాత్రం నీ ట్రేడ్ సిలబస్‌లో లేదు. ఒకరోజు, రెండ్రోజులు సరే. వారాల తరబడి అదే అయితే అప్రెంటిస్‌లని చూసే ఇన్‌స్ట్రక్టర్‌కి మర్యాదగా, రాసి ఇవ్వు. నోటితో చెబితే మర్చిపోతారు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా మేనత్త కొడుకు టెక్కలిలో ఉంటాడు, వాడికి ఓబీసీ సర్టిఫికెట్ వచ్చింది, మాదీ అదే కులం. నాకు ఇక్కడ తహసీల్దార్ ఆఫీసులో ఎస్‌ఈబీసీ అని ఇచ్చారు. అది పెడితే సరిపోతుందా? ఇంకోటి, ఆధార్‌లో నా ఇంటిపేరు ముందుంది, పది సర్టిఫికెట్‌లో వెనకుంది, స్పెల్లింగ్ కూడా ఒడియా పలుకుబడిలో పడింది.

జవాబు: సరిపోదు. ఎస్‌ఈబీసీ, అంటే సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతి అనేది ఒడిశా రాష్ట్రం వరకు. రైల్వే కేంద్రానిది, కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి. కేంద్ర జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది, ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండాలని లేదు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు గీత గీశారు, గీతకి అటు మేనత్త, ఇటు మనం. అదే కులం, అదే దేవుడు, కాగితం మాత్రం వేరు. మేనత్త కొడుకు సర్టిఫికెట్ చూసి ధైర్యపడకుండా, ఒడిశాకి సంబంధించిన కేంద్ర జాబితాలో మీ కులం ఏ పేరుతో ఉందో ముందు చూసుకోండి. లేకపోతే జనరల్‌లో పెట్టండి. వంద రూపాయల ఫీజు ఎలాగూ ఓబీసీలకీ ఉన్నదే, పోయేది రిజర్వేషన్, మూడేళ్ళ వయసు సడలింపు మాత్రమే. లేని కోటా పెట్టి సర్టిఫికెట్ల పరిశీలన రోజు తిప్పి పంపించుకోవడం కంటే అది నయం.

పేరు సంగతి ఇవాళే మొదలుపెట్టండి. పది సర్టిఫికెట్ మార్పించడం పెద్ద తంతు, ఆధార్‌ని దానికి తగ్గట్టు మార్చుకోవడమే సులువు. బ్యాంకు ఖాతా కూడా అదే పేరుతో ఉండాలి, స్టైపెండ్ అందులోనే పడుతుంది.

బల్లార్షా పాఠకుడు అడిగినదానికి కూడా ఇక్కడే చెప్పేస్తాను, మహారాష్ట్రలో ఉండి సికింద్రాబాద్ జోన్‌కి పెట్టొచ్చా అని. కొన్ని జోన్లు తమ పరిధిలోని జిల్లాలవాళ్ళే పెట్టాలని జాబితా ఇస్తాయి. మీరడిగిన సికింద్రాబాద్ జోన్, అంటే దక్షిణ మధ్య రైల్వే, అలా ఇస్తుంది, అందులో మహారాష్ట్ర జిల్లాలు కొన్ని ఉంటాయి. మీ జిల్లా ఉందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూడండి. లేకపోతే మీకు నాగపూర్ వైపు సెంట్రల్ రైల్వే ఉండనే ఉంది. తెలుగు చదివాం కాబట్టి తెలుగు ఊరికే పెట్టాలనేమీ లేదు, మరాఠీ మిస్త్రీ కూడా బాగానే నేర్పిస్తాడు.

ప్రశ్న: మా అమ్మాయి ఎలక్ట్రీషియన్ చేసింది. ఆడపిల్లని షెడ్డులో రాత్రి డ్యూటీలు వేస్తారేమోనని వాళ్ళ నాన్న ఒప్పుకోవడం లేదు.
– మునిగుడ

జవాబు: రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు మధ్య అప్రెంటిస్‌లకి శిక్షణ పెట్టాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ (ఈ శిక్షణని చూసే ప్రభుత్వ అధికారి) ముందస్తు అనుమతి ఉండాలి, ఆడైనా మగైనా. కాబట్టి మామూలుగా రాత్రి డ్యూటీ వేయరు. వాళ్ళ నాన్నకి ఇది చూపించండి. ఉండటానికి మంచి చోటు దొరకడమే అసలు సమస్య, దాని గురించి ముందే చుట్టాలని అడిగిపెట్టుకోండి. పని దగ్గర దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత కూడా చట్టప్రకారం శిక్షణ ఇచ్చే సంస్థదే.

ప్రశ్న: రాయగడకి డివిజన్ వచ్చింది కదా, ఇక మనవాళ్ళని ఇక్కడే తీసుకుంటారంటున్నారు, నిజమా? నేను 2022లో అప్రెంటిస్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను, ఎదురుచూడనా?

జవాబు: 2025 జనవరి 6న డివిజన్ కార్యాలయ భవనానికి ప్రధాని శంకుస్థాపన చేశారు, సంతోషమే. కానీ డివిజన్ అంటే పరిపాలన. ఉద్యోగాలు రైల్వే నియామక సంస్థలైన ఆర్‌ఆర్‌బీ, ఆర్‌ఆర్‌సీల నోటిఫికేషన్ల మీదే, దేశమంతా పోటీ. అప్రెంటిస్ సీట్లు ఏమైనా ఇక్కడ పెరిగితే మన పిల్లలకి గది అద్దె తప్పుతుంది, నేను ఆశపడేది అంతవరకే.

ఎదురుచూడకు. చదవడం, పని చేయడం రెండూ ఒకేసారి. లెవెల్–1లో ఆ 20 శాతం ఉంది, మూల వేతనం 18,000. టెక్నీషియన్ గ్రేడ్–3, అసిస్టెంట్ లోకో పైలట్ 19,900 నుంచి, వాటికీ నీ ఐటీఐ పనికొస్తుంది. ఈలోగా జేకేపూర్ కాగితం మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్, దామన్‌జోడి నాల్కో, సునాబెడ హెచ్‌ఏఎల్, ఇన్ని ఫ్యాక్టరీలు మన చుట్టూ పెట్టుకుని ఖాళీగా ఉన్నానంటే ఎలా? రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు నుంచి వర్క్‌మన్ పర్మిట్ తీసుకుంటే కాంట్రాక్టర్ల దగ్గర నీ రేటే మారుతుంది. రైల్వే కోసం మూడేళ్ళు పానా ముట్టుకోకుండా చదివి, తీరా ఉద్యోగం వచ్చాక తీగ కొసకి లగ్ బిగించడం కూడా మర్చిపోయినవాళ్ళని చూశాను.

ప్రశ్న: వచ్చే సోమవారం రిపోర్ట్ చేయాలి, ఒకటే టెన్షన్. మొదటిరోజు ఏం తీసుకెళ్ళాలి?
– గుణుపురం

జవాబు: ఒరిజినల్స్, వాటి జిరాక్సులు మూడు సెట్లు, బ్యాంకు పుస్తకం, అరడజను ఫోటోలు. నైలాన్ చొక్కా వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుంటుంది, నూలు బట్టలు వేసుకో. రబ్బరు అడుగున్న బూట్లు. టిఫిన్ క్యారేజీ తప్పకుండా, బోగీల కింద పని చేసే పిట్ లైన్ దగ్గర్నుంచి క్యాంటీన్ చాలా దూరం ఉంటుంది. చేతికి రాగి కడియం, ఉంగరం ఉంటే అమ్మకిచ్చి బండెక్కు.